తోకచుక్కల జాడ: మద్రాసు వేధశాల నుండి శ్రీహరికోట దాకా

2024వ సంవత్సరం సెప్టెంబరు మాసాంతాన, మా కళాశాల విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని తెల్లవారకముందే మైపాడు సముద్రతీరానికి వెళ్ళినాను. సుచిన్‌షాన్–అట్లాస్ అనే ధూమకేతువు ఆ రోజులలో సూర్యోదయానికి ముందు తూర్పు దిక్కున, నీటి అంచుకు కొంచెం పైగా కనిపిస్తున్నది. తూర్పు తెల్లబడేలోపల పది పదిహేను నిమిషాలు మాత్రమే దానిని చూడగలిగినాము. కంటికి మసక చారగాను, బైనాక్యులర్‌లో చక్కని తోకతోను కనిపించినది.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక వృద్ధ జాలరి మా గుంపును చూచి దగ్గరకు వచ్చినాడు. బైనాక్యులర్ ఇచ్చి చూపించినాము. చాలసేపు చూచి, "అయ్యవారూ, ఇది మళ్ళా ఎప్పుడొస్తది?" అని అడిగినాడు.

"మనం ఉండగా రాదు తాతా. అసలు ఇక రాకనే పోవచ్చు" అన్నాను.

"రాదని మీకెట్టా తెలుసు?"

నా విద్యార్థులు నవ్వినారు గాని, నాకు నవ్వు రాలేదు. ఖగోళశాస్త్రంలో ఇంతకంటె మంచి ప్రశ్న లేదు. ఆకాశంలో ఒక మసక చుక్క కనిపించినంత మాత్రాన అది ఎక్కడనుండి వచ్చినదో, ఎక్కడకు పోతున్నదో, మన మీద పడుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఆ జ్ఞానం మానవునికి రెండు శతాబ్దాల శ్రమతో లభించినది. ఆ శ్రమలో మన ప్రాంతానికి కూడ కొంత భాగమున్నది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచినాను.

నెల్లూరులో పడిన రాయి

మన కథ ఆకాశంలో కాక నేలమీదనే మొదలవుతుంది. 1852 జనవరి 23వ తేదీన నెల్లూరు ప్రాంతంలో ఆకాశం నుండి ఒక రాయి పడినది. ప్రపంచంలోని ఉల్కాశిలల పట్టికలలో అది 'నెల్లూరు' అనే పేరుతో కనిపిస్తుంది. పడిన చోటును ఆనాటి ఆంగ్లేయులు 'యాటూర్' అని వ్రాసుకొన్నారు గనుక, ఆ పేరు కూడ ప్రక్కన కనిపిస్తుంది.

ఆకాశం నుండి రాళ్ళు పడతాయని పల్లెప్రజలు ఏనాటినుండో చెప్పుతూనే ఉన్నా, యూరపు పండితులు చాలకాలం దానిని నమ్మలేదు. 1794లో జర్మనీ శాస్త్రవేత్త క్లాద్నీ ఈ రాళ్ళు భూమికి వెలుపలివని వాదించినప్పుడు ఆయనను ఎగతాళి చేసినవారే ఎక్కువ. 1803లో ఫ్రాన్సులోని లేగ్ల్ అనే ఊరి మీద సుమారు మూడు వేల రాళ్ళు కురిసినవి. బియో అనే యువశాస్త్రవేత్త అక్కడకు వెళ్ళి, సాక్షులను విచారించి, రాళ్ళు పడిన మేరను కొలిచి నివేదిక వ్రాసిన తరువాతగాని పండితలోకం ఒప్పుకోలేదు. ఆ తరువాత యాభై ఏండ్లు తిరగకముందే మన రాయి పడినది.

నెల్లూరు రాయిని నేటి శాస్త్రజ్ఞులు 'హెచ్' జాతి సాధారణ కాండ్రైట్‌గా వర్గీకరించినారు. అంటే ఇనుము పాలు అధికంగా ఉండి, లోపల ఆవగింజలవంటి చిన్న గుండ్రని కణాలు గల శిల అన్నమాట. ఈ కణాలు సౌరకుటుంబం పుట్టుకనాటివి. వాటి వయస్సు 450 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఈ జాతి రాళ్ళలో అధికభాగం కుజునికీ గురునికీ మధ్యగల కొరోనిస్, కారిన్ అనే గ్రహశకల కుటుంబాలనుండి వచ్చినవని 2024లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధనలు సూచిస్తున్నవి. కొన్ని పదుల లక్షల సంవత్సరాల క్రితం అక్కడ శకలాలు ఒకదానితో ఒకటి ఢీకొని బ్రద్దలైనవి. ఆ ముక్కలు గురుగ్రహం ఆకర్షణవలన క్రమంగా దారి తప్పి, కొన్ని భూకక్ష్యను దాటే మార్గాలలో పడినవి.

1852లో ఆ రాయి వస్తున్నదని ఎవ్వరికీ ముందుగా తెలియదు. తెలుసుకొనే ఉపాయం కూడ ఆనాడు లేదు. అది చిన్నది గనుక మనకు ఒక వింతవస్తువుగా మాత్రమే మిగిలినది.

మూడు చూపుల లెక్క

గ్రహశకలాల చరిత్ర 1801 జనవరి 1వ తేదీన మొదలయినది. సిసిలీ ద్వీపంలో పియాజీ అనే ఖగోళజ్ఞుడు సీరిస్‌ను ఆనాడు కనుగొన్నాడు. ఫిబ్రవరి 11వ తేదీవరకు దానిని చూడగలిగినాడు. తరువాత ఆయన జబ్బుపడినాడు. సీరిస్ కూడ సూర్యకాంతిలో మరుగుపడిపోయినది. కొన్ని మాసాల తరువాత మళ్ళీ వెదకుదామంటే ఎక్కడ వెదకవలె? ఆకాశమంతా చుక్కలే!

ఇరవైనాలుగేండ్ల గౌస్ ఈ సమస్యను తీసుకొన్నాడు. ఒక వస్తువు సూర్యుని చుట్టూ తిరిగే దారిని పూర్తిగా చెప్పాలంటే ఆరు సంఖ్యలు కావలె. కక్ష్య ఎంత పెద్దది, ఎంత కోలగా ఉన్నది, భూకక్ష్యాతలానికి ఎంత వాలి ఉన్నది, ఆ వాలు ఏ దిక్కుకు ఉన్నది, సూర్యునికి అతి దగ్గరి బిందువు ఏ వైపున ఉన్నది, ఆ బిందువును వస్తువు ఎప్పుడు దాటుతుంది: ఇవే ఆ ఆరు. ఒకసారి చూస్తే మనకు రెండు కోణాలు మాత్రమే తెలుస్తవి. అది ఏ దిక్కున ఉన్నదో తెలుస్తుంది గాని, ఎంత దూరంలో ఉన్నదో తెలియదు. కనుక వేరువేరు రాత్రులలో మూడుసార్లయినా చూడవలె. మూడు రెళ్ళు ఆరు. గౌస్ లెక్క ప్రకారం వెదకగా 1801 డిసెంబరు 31వ తేదీన సీరిస్ మళ్ళీ దొరికినది.

మన తీరంలోని జాలరులకు ఈ సూత్రం తెలియనిది కాదు. చేపలు పడిన చోటును మరునాడు మళ్ళీ చేరుకోవడానికి వారు ఒడ్డుమీది గుడిగోపురాన్నీ, దాని వెనుకనున్న తాటిచెట్టునూ ఒక వరుసలోకి తెచ్చుకొంటారు. ఆ ఒక్క వరుసతో తాము ఏదో ఒక గీతమీద ఉన్నామని మాత్రమే తెలుస్తుంది. మరొక దిక్కున ఇంకొక జత గురుతులు కలిసినప్పుడే చోటు నిర్ణయమవుతుంది. నీటిమీద చోటు కదలదు గనుక రెండు గీతలు చాలును. ఆకాశంలోని వస్తువు కదులుతున్నది, దానిని చూచే మనమూ భూమితోబాటు కదులుతున్నాము. అందువలన మూడవ చూపు కావలసివచ్చినది.

ఈ మూడవ చూపు లేకపోతే ఏమవుతుందో మద్రాసు వేధశాల చరిత్ర చెప్పుతుంది.

మద్రాసులో పోగ్సన్

ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు వేధశాల నుంగంబాకంలో 1792లో వెలసినది. నెల్లూరు కూడ ఆ తరువాత మద్రాసు పరిపాలనలో చేరిన ప్రాంతమే. ఆకాశం విషయంలోనైతే రెండింటికీ భేదమే లేదు. అక్కడ కనిపించే చుక్కలే ఇక్కడా కనిపిస్తవి. అక్కడ కమ్మే మబ్బులే ఇక్కడా కమ్ముతవి.

1861లో నార్మన్ పోగ్సన్ ఆ వేధశాలకు అధిపతిగా వచ్చినాడు. నక్షత్రాల కాంతిని తరగతులుగా లెక్కించే పద్ధతికి నేటికీ వాడుతున్న నిష్పత్తిని 1856లో ప్రతిపాదించినవాడు ఈయనే. మద్రాసు చేరిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 17వ తేదీన, ఒక క్రొత్త గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండంనుండి కనుగొనబడిన మొదటి గ్రహశకలమది. అందుచేత దానికి 'ఆసియా' అనే పేరే పెట్టినారు. ఆ తరువాత 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వీరా అనేవి అక్కడనే దొరికినవి. వీటిలో సిల్వియాకు రెండు ఉపగ్రహాలున్నవని 2005లో తెలిసినది. రెండు చంద్రులు గల గ్రహశకలంగా మొదట గుర్తింపబడినది అదే.

ఇవన్నీ భూమికి దూరంగా, కుజ గురు గ్రహాల నడుమ తిరిగేవి. వీటివలన మనకు భయం లేదు. కాని వీటిని పట్టుకొనడానికి పోగ్సన్ పడిన శ్రమ గమనింపదగినది. ఆనాటికి ఈ పనికి ఛాయాచిత్రాలు లేవు. ఆకాశంలో ఒక చిన్న భాగంలోని నక్షత్రాల పటాన్ని ముందు పెట్టుకొని, దూరదర్శినిలోనుండి ఒక్కొక్క చుక్కనే సరిచూడవలె. పటంలో లేని చుక్క కనిపిస్తే గుర్తువేసి, మరునాడు అది కదిలినదేమో చూడవలె. పోగ్సన్ 1891 జూన్‌లో మద్రాసులోనే మరణించినాడు. అదే సంవత్సరం డిసెంబరులో జర్మనీలో మాక్స్ వోల్ఫ్ ఛాయాచిత్రం సహాయంతో తొలిసారి ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు.

పోగ్సన్ సహాయకులలో ముఖ్యుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల వంశంలో పుట్టి, వేధశాలలో చేరి, 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. ఉత్తరాన విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతాన సొంత ఖర్చుతో వేధశాల కట్టించినాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిలబెట్టి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవడాన్ని అక్కడినుండి పరిశీలించినాడు. దూరదేశపు శాస్త్రం మన తీరంలో వేళ్ళూనుకొన్న రోజులవి.

రెండు రాత్రుల ధూమకేతువు

1826లో బీలా అనే ఆస్ట్రియా సైనికాధికారి ఒక ధూమకేతువును కనుగొన్నాడు. అది ఆరు సంవత్సరాల ఏడు మాసాలకు ఒకసారి సూర్యుని చుట్టి వస్తుందని తేలినది. 1846లో అది చూస్తుండగానే రెండు ముక్కలయినది. 1852లో, అంటే మన నెల్లూరు రాయి పడిన సంవత్సరంలోనే, ఆ రెండు ముక్కలూ జంట ధూమకేతువులుగా వచ్చినవి. తరువాత ఎన్నడూ కనిపించలేదు.

ఇరవై సంవత్సరాలు గడచినవి. 1872 నవంబరు 27వ తేదీ రాత్రి యూరపులో ఉల్కలు వానవలె కురిసినవి. గంటకు వేలకొలదిగా రాలినవి. అవి ఆకాశంలో వెలువడినట్లు కనిపించిన చోటు బీలా ధూమకేతువు మార్గానికి సరిపోయినది. జర్మనీలోని గోటింగెన్‌లో క్లింకర్‌ఫ్యూస్ అనే ఖగోళజ్ఞుడు ఇట్లా ఆలోచించినాడు: ఈ ఉల్కలు ఆ ధూమకేతువు శిథిలాలయితే ధూమకేతువే భూమిని రాసుకొంటూ పోయి ఉండవలె. ఉల్కలు ఉత్తరాకాశంలోని ఆండ్రోమెడా వైపునుండి వచ్చినవి గనుక, భూమిని దాటిపోయిన ధూమకేతువు ఇప్పుడు దానికి సరిగా ఎదుటి దిక్కున, దక్షిణాకాశంలోని సెంటారస్ నక్షత్రమండలంలో ఉండవలె. గోటింగెన్‌లో ఆ చుక్కలు దిగంతాన్ని దాదాపు అంటుకొనే ఉంటవి. మద్రాసులోనైతే తెల్లవారుజామున ఆకాశంలో బాగా పైకి వస్తవి.

నవంబరు 30వ తేదీన ఆయన పోగ్సన్‌కు తంతి పంపినాడు. బీలా భూమిని తాకినదనీ, సెంటారస్‌లో ఫలానా తార దగ్గర వెదకమనీ దాని సారాంశం. ఒక దేశంలో చేసిన ఊహను మరొక ఖండంలో వెంటనే పరీక్షించుమని తంతిద్వారా కోరడం ఆనాటికి అద్భుతమే.

డిసెంబరు నెల మొదటి దినాలు మన తీరంలో ఎట్లా ఉంటవో చెప్పనక్కరలేదు. ఈశాన్య ఋతుపవనం వీస్తూనే ఉంటుంది; మబ్బు విడిచిన రాత్రి దొరకడమే కష్టం. పోగ్సన్ మొదట మబ్బులవలన ఏమీ చూడలేకపోయినాడు. తరువాత మబ్బులు విడిచిన సందులో, చెప్పిన చోటికి సమీపంలోనే, నిజంగా ఒక ధూమకేతువు కనిపించినది. రెండవ రాత్రి కూడ చూచి దాని స్థానాన్ని కొలిచినాడు. మూడవ రాత్రి మబ్బులు మూసుకొన్నవి. అవి విడిచేనాటికి ధూమకేతువు లేదు. ప్రపంచంలో మరెవ్వరూ దానిని చూడలేదు.

రెండు రాత్రులు, నాలుగు కోణాలు. కావలసినవి ఆరు. దాని దారి నిర్ణయించడం అసాధ్యమయినది. స్థానాలను పరిశీలించిన గణకులలో పలువురు అది బీలా ధూమకేతువు కాదనే భావించినారు. అంటే తప్పుదారిన వెదకగా యాదృచ్ఛికంగా మరొకటి దొరికినదన్నమాట! ధూమకేతువుల జాబితాలలో నేటికీ దానికి 'ఎక్స్' అనే అక్షరమే ముందు ఉన్నది. కక్ష్య తెలియనిదని ఆ అక్షరానికి అర్థం. వానకారు మబ్బు ఒక్క రాత్రి ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ అక్షరం మారి ఉండేదేమో.

హైదరాబాదు నుండి కావలూరు వరకు

కదిలే చుక్కను పట్టుకోవాలంటే కదలని చుక్కల లెక్క ముందుగా కావలె. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఒక దూరదర్శిని తెప్పించి స్థాపించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వపరమై నిజామియా వేధశాలగా ప్రసిద్ధికెక్కినది. ఆకాశాన్నంతటినీ ఛాయాచిత్రాలు తీసి పట్టిక వేయాలని ప్రపంచదేశాలు పంచుకొన్న మహాకార్యంలో దక్షిణాకాశపు ఒక భాగం నిజామియాకు వచ్చినది. అక్కడివారు దశాబ్దాలు శ్రమించి లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రకటించినారు.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకరి కుమారుడు వేణు బాప్పు. 1927లో మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగి చదువుకొన్నాడు. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరిన కొలదికాలానికే, 1949 జూలై 2వ తేదీన, తాను తీసిన ఛాయాచిత్రఫలకంలో ఒక క్రొత్త ధూమకేతువును గుర్తించినాడు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గార్డన్ న్యూకర్క్ దానిని సరిచూచినారు. అందుచే దానికి బాప్పు–బాక్–న్యూకర్క్ ధూమకేతువని పేరు వచ్చినది. అది మళ్ళీ రావడానికి సుమారు 60,000 సంవత్సరాలు పట్టునని లెక్క తేలినది. 1872లో మద్రాసులో ఆగిపోయిన పని ఈసారి పూర్తి అయినది. చూచినవారే వెంటాడి దారి కట్టినారు.

బాప్పు తిరిగి వచ్చి, తమిళనాడులోని జవ్వాది కొండలమీద కావలూరు వేధశాలను నెలకొల్పినాడు. ఆయన 1982లో మరణించినాడు. 1987లో అక్కడ గ్రహశకలాలకోసం, ధూమకేతువులకోసం 'కల్కి' అనే అన్వేషణ ఆరంభమయినది. 45 సెంటీమీటర్ల ష్మిట్ దూరదర్శినితో ఆకాశం ఫోటోలు తీసి, కదిలే చుక్కలను వెదకినారు. 1988 ఫిబ్రవరి 17వ తేదీన రాజమోహన్ అక్కడినుండి కనుగొన్న గ్రహశకలానికి గణితశాస్త్రజ్ఞుడు రామానుజన్ పేరు పెట్టినారు. 1885లో పోగ్సన్ వీరాను చూచిన తరువాత భారతదేశంనుండి ఇట్టి ఆవిష్కారం జరగడానికి 103 సంవత్సరాలు పట్టినది.

చేరువకు వచ్చేవి

1898లో ఈరోస్ దొరికేవరకు గ్రహశకలాలన్నీ కుజుని అవతలనే ఉంటవని తలచినారు. ఈరోస్ కుజకక్ష్య లోపలికి వచ్చి భూమికి చేరువవుతుంది. 1932లో దొరికిన అపోలో భూకక్ష్యనే దాటి లోపలికి వస్తుంది. 1937 అక్టోబరులో హెర్మీస్ అనేది భూమికి సుమారు ఏడున్నర లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే చంద్రుని దూరానికి రెండింతలలోపే, దూసుకుపోయినది. దానిని కొద్ది దినాలు మాత్రమే చూడగలిగినారు. తరువాత తప్పిపోయి 66 సంవత్సరాలకు, 2003లో, మళ్ళీ దొరికినది. భూమి ప్రక్కనే తిరిగే వస్తువు రెండు తరాలపాటు ఎక్కడున్నదో ఎవరికీ తెలియదన్నమాట.

సూర్యునికి సుమారు 19.5 కోట్ల కిలోమీటర్లలోపలికి వచ్చేవాటిని భూసమీప వస్తువులని నేడు వ్యవహరిస్తున్నారు. వాటిలో దాదాపు 140 మీటర్లకు మించిన పరిమాణం ఉండి, కక్ష్య భూకక్ష్యకు 75 లక్షల కిలోమీటర్లలోపలికి వచ్చేవి అపాయకరం కాగలవని ప్రత్యేకంగా లెక్కిస్తారు. 1994 జూలైలో ఒక ధూమకేతువు ముక్కలు గురుగ్రహం మీద పడి భూమికంటె పెద్ద మచ్చలను మిగిల్చినవి. ఆ దృశ్యం చూచిన తరువాత ఈ అన్వేషణకు ప్రభుత్వాలు ధనం వెచ్చించసాగినవి. భూసమీప గ్రహశకలాల లెక్క 2025 చివరకు 40,000 దాటినది. అదే సంవత్సరం జూన్‌లో చిలీదేశంలోని రూబిన్ వేధశాల తన తొలి పరిశీలనలలో, సుమారు పది గంటలలో, 2,104 క్రొత్త గ్రహశకలాలను చూపినది. పోగ్సన్ ముప్పది సంవత్సరాలలో మద్రాసులో కనుగొన్నవి ఐదు.

ఇన్ని కళ్ళున్నా తప్పిపోయేవి ఉన్నవి. 2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఇరవై మీటర్ల శకలం ఒకటి ఆకాశంలో పేలి, ఆ ధాటికి అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా గాయపడినారు. అది సూర్యుని దిక్కునుండి రావడంచేత ఎవ్వరూ ముందుగా చూడలేదు. మేము మైపాడులో చూచిన ధూమకేతువు సంగతే చూడండి. 2023 జనవరిలో చైనా వేధశాల దానిని గుర్తించినది. ఎవరూ వెంటాడకపోవడంచేత తప్పిపోయినట్లు ఎంచి జాబితానుండి తీసివేసినారు. ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని దూరదర్శినికి అది మళ్ళీ చిక్కినది. అందుకే దానికి జంటపేరు.

మన తీరానికి ఏమి పట్టినది?

తుపాను హెచ్చరికలు నెల్లూరు ప్రజలకు అలవాటే. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు చెన్నైనుండి మచిలీపట్నం వరకు తీరమంతటికీ హెచ్చరిక ఇస్తారు. అది దగ్గరపడినకొద్దీ ఆ మేర కుంచించుకొనిపోతుంది. కుంచించిన మేరలో ఇంకా మన ఊరు ఉన్నదనుకోండి, మనకు ప్రమాదం పెరిగినట్లే. చివరకు తుపాను ఉత్తరంగా మళ్ళితే ఆ ప్రమాదం ఒక్కసారిగా తీరిపోతుంది.

గ్రహశకలాల లెక్క కూడ ఇట్లాగే నడుస్తుంది. 2024 డిసెంబరు 27వ తేదీన చిలీలోని అట్లాస్ దూరదర్శిని సుమారు 60 మీటర్ల శకలాన్ని కనుగొన్నది. 2032 డిసెంబరు 22వ తేదీన అది భూమిని తాకవచ్చునని లెక్క వచ్చినది. తాకితే ఎక్కడ పడునో చూపే సన్నని పట్టీ పసిఫిక్ మహాసముద్రంనుండి ఆఫ్రికా మీదుగా దక్షిణాసియావరకు సాగినది. 2025 ఫిబ్రవరి 18వ తేదీకి అవకాశం నూటికి 3.1 వరకు పెరిగినది. వారం తిరగకముందే, మరికొన్ని పరిశీలనలతో, దాదాపు సున్నకు దిగినది. పత్రికలు చదివినవారు శాస్త్రజ్ఞులు మాట మార్చినారనుకొన్నారు. నిజానికి మారినది మాట కాదు, హెచ్చరిక మేర కుంచించుకొనిపోయినది.

ఇట్టిదే మరొక సంఘటన మన తీరానికి మరువరాని రోజులలో జరిగినది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన పల్లెలమీద విరుచుకుపడినది. ఆ మరునాడే అపోఫిస్ అనే గ్రహశకలం 2029లో భూమిని తాకే అవకాశం నూటికి 2.7 అని లెక్క వచ్చినది. అదేనాడు పాత ఛాయాచిత్రాలలో, ఆ సంవత్సరం మార్చిలో తీసినవాటిలో, ఎవరూ గమనించని దాని జాడ దొరికినది. ప్రమాదం లేదని తేలినది. ఒకవైపు ఆకాశంలో ఇరవై అయిదేండ్ల తరువాతి సంగతి లెక్కకట్టగలిగినారు. మరొకవైపు సుమత్రా వద్ద భూకంపం వచ్చిన తరువాత అల మనను చేరడానికి రెండు గంటలకు పైగా పట్టినా, చెప్పేవారు లేక జనం ఒడ్డుననే ఉండిపోయినారు. ఆ తరువాత హైదరాబాదులో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడినది. కాపలా ముందుగా ఉంటేనే హెచ్చరిక ఉంటుందని మనం ప్రాణాలు చెల్లించి నేర్చుకొన్నాము.

శ్రీహరికోట మన ప్రక్కనే ఉన్నదిగదా, అక్కడి రాడార్లు ఈ పని చేయలేవా అని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఆ ద్వీపంలో ఒకేసారి పలు వస్తువులను వెంటాడే రాడారు ఉన్నది. అర మీటరు వస్తువును 1,000 కిలోమీటర్ల దూరంలో అది పట్టగలదు. కాని రాడారు ప్రతిధ్వని దూరం యొక్క నాల్గవ ఘాతం చొప్పున క్షీణిస్తుంది. చంద్రుని దూరం దానికి 384 రెట్లు. 384ను నాలుగుసార్లు వేసి గుణిస్తే సుమారు 2,170 కోట్లు వస్తుంది. ప్రతిధ్వని అన్ని రెట్లు తగ్గుతుంది. కనుక ఆ రాడారు కృత్రిమోపగ్రహాల, వాటి శిథిలాల కాపలాకే తగినది. గ్రహశకలాలకు డెబ్బది మీటర్ల వ్యాసం గల పళ్ళెములవంటివి కావలె.

అయినా శ్రీహరికోటకు ఈ కథలో పాత్ర లేకపోలేదు. 2013 నవంబరు 5వ తేదీన అక్కడనుండి బయలుదేరిన మంగళయాన్ కుజుని చుట్టూ తిరుగుతుండగా, 2014 అక్టోబరు 19వ తేదీన సైడింగ్ స్ప్రింగ్ అనే ధూమకేతువు కుజునికి సుమారు 1,40,000 కిలోమీటర్ల దూరంలో దాటిపోయినది. ముందుగా దాని దారి తెలిసినందువలన, ధూళి దెబ్బ తగలకుండ మంగళయాన్ కక్ష్యను కొంత మార్చి కాపాడినారు. ధూమకేతువు జాడ తెలియడం ఎందుకు ఉపయోగమని అడిగేవారికి ఇంతకంటె సమాధానమేమున్నది?

తెలిసినతరువాత శకలాన్నే ప్రక్కకు తొలగించవచ్చునని కూడ ఋజువయినది. 2022 సెప్టెంబరు 26వ తేదీన డార్ట్ అనే అమెరికా నౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని ఢీకొని, దాని పరిభ్రమణకాలాన్ని అరగంటకు పైగా తగ్గించినది. కాని ఎన్నో ఏండ్లు ముందుగా తెలిస్తేనే ఇట్టి చిన్న త్రోపు చాలును.

ఇక భారతదేశం ఉన్న చోటు కూడ ముఖ్యమే. చిలీలో తెల్లవారేసరికి అక్కడి దూరదర్శినులు కళ్ళు మూసుకొంటవి. రాత్రి పడమటగా జరిగి మన దేశానికి వచ్చినప్పుడు ఆ చూపును అందుకొనేవారు కావలె. లడఖ్‌లోని హాన్లేలో 70 సెంటీమీటర్ల యంత్రచాలిత దూరదర్శిని 'గ్రోత్–ఇండియా' నేడు ఆ పనిచేస్తున్నది. దానిని భారతీయ ఖగోళభౌతిక సంస్థ, బొంబాయి ఐఐటీ కలిసి నడుపుతున్నవి. అక్కడి ఆకాశం మన తీరంవలె మబ్బులకు నిలయం కాదు. పోగ్సన్‌కు మూడవ రాత్రి దొరకలేదు; ఆయన వారసులు దానికొరకు హిమాలయాల వెనుకకు వెళ్ళినారు.

ముగింపు

మన భాషలో తోకచుక్క చాలకాలం అపశకునానికి పేరు. 1910లో హేలీ తోకచుక్క వచ్చి జనం భయపడుతున్న రోజులలోనే గురజాడ అప్పారావు 'ముత్యాల సరములు' ప్రకటించి, దానిని భయపడదగినదిగా కాక సంతోషింపదగినదిగా దర్శించినాడు. ఆ సంతోషానికి తోడు ఒక బాధ్యత కూడ ఉన్నదని అప్పటికంటె ఇప్పుడు మనకు బాగా తెలుసు.

2029 ఏప్రిల్ 14వ తేదీ తెల్లవారుజామున, మన కాలమానం ప్రకారం, అపోఫిస్ భూతలానికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున దాటిపోతుంది. మన సమాచార ఉపగ్రహాలు తిరిగే ఎత్తుకంటె అది తక్కువ. మన మీద పడదు. ఆ మాట చెప్పగలగడం వెనుక ఇరవైయేండ్ల పరిశీలనలున్నవి.

ఆనాడు మైపాడు ఒడ్డున వృద్ధునికి నేను ఇట్లా సమాధానం చెప్పినాను: "తాతా, నీవు చేపలచోటు ఎట్లా గుర్తుపెట్టుకొంటావో మేమూ అట్లాగే. ఒక్కచోటునుండి ఒక్కసారి చూస్తే తెలియదు. పలుచోట్ల పలువురు, రాత్రి తరువాత రాత్రి చూచినారు. అందరి చూపులూ కలిపితే దారి తెలిసినది."

ఆయన తల ఊపి, "అయితే ఒక్క రాత్రి గూడా కన్ను మూయగూడదు" అని పడవవైపు నడిచినాడు. అంతలో సూర్యుడు ఉదయించినాడు; తోకచుక్క వెలుగులో కలిసిపోయినది.